వీపంతా కలంకారి చెట్టు: ఒక టాటూ స్టూడియోతో నా ఎనిమిది నెలలు

మెడ కింది ఎముక నుంచి నడుము పై వరకు వీపంతా పరచుకునే ఒక కలంకారి జీవవృక్షాన్ని టాటూగా వేయించుకోవడానికి గత డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు హైదరాబాదులోని ఒక స్టూడియోకు నాలుగు విడతలుగా వెళ్ళాను. జూలైలో టచప్, అంటే వెలిసిన చోట్లను మళ్ళీ దిద్దడం, కూడా పూర్తయింది కనుక ఆ స్టూడియో సేవల గురించి ఇప్పుడు నిదానంగా రాయగలుగుతున్నాను. వారి పనిలో నేను మనసారా మెచ్చుకున్నవి ఉన్నాయి, గట్టిగా అభ్యంతరం చెప్పవలసినవీ ఉన్నాయి. అందువల్ల స్టూడియో పేరు రాయడం లేదు. ఇంత పెద్ద బొమ్మ వేయించుకోబోయేవారు ఏ స్టూడియోకు వెళ్ళినా ఏమేమి చూసుకోవాలో తెలియడం పేరు తెలియడంకన్నా ఎక్కువ ఉపయోగమని నా నమ్మకం. చిన్న బొమ్మకైతే ఆర్టిస్టు చేతి నేర్పు చూసుకుంటే సరిపోతుంది గాని, వీపంత బొమ్మకు సూది ఆగిన తరువాత ఆ స్టూడియో మనల్ని ఎన్నాళ్ళు పట్టించుకుంటుందో కూడా చూసుకోవాలి. నేను వారికి వేసిన మార్కులు, కోసిన మార్కులు చాలావరకు ఆ లెక్కలోనివే.

ఈ పట్టింపు నాకు ఊరికే రాలేదు. ఏడేళ్ళ క్రితం వేరొక చోట ముంజేతి మీద మా అమ్మమ్మ పేరు వేయించుకున్నాను. వేసినంతసేపూ శ్రద్ధగానే వేశారు గాని, పని అయిపోగానే వంటింట్లో వాడే పలుచని ప్లాస్టిక్ కాగితం చుట్టి, మర్నాడు తీసేసి కొబ్బరినూనె రాసుకోమని చెప్పి పంపించారు. ఆ ప్లాస్టిక్ కింద చెమట, రసి కలిసి రాత్రంతా నిలవ ఉన్నాయి. నాలుగో రోజుకు మందంగా పక్కు కట్టింది. ఆఫీసు బ్యాగు పట్టీ తగిలి ఆ పక్కు ఊడినప్పుడు దానితోపాటు రెండు అక్షరాల రంగు కూడా పోయింది. ఫోను చేస్తే, మళ్ళీ డబ్బు కట్టి దిద్దించుకోమన్నారు. ఆ రెండు అక్షరాలు ఇప్పటికీ వెలిసిపోయే ఉన్నాయి. అందుకే ఈసారి స్టూడియోలు వెతికినప్పుడు అందరినీ ఒకే ప్రశ్న అడిగాను: మీరు వేసిన టాటూల్లో నెల తరువాతివీ, రెండేళ్ళ తరువాతివీ ఫోటోలు చూపించగలరా అని. చాలామంది అప్పుడే వేసిన, ఇంకా నిగనిగలాడుతున్న బొమ్మలనే చూపించారు. ఈ స్టూడియో మాత్రం మానిన బొమ్మల ఫోటోలను ఒక ఫోల్డరుగా దాచి ఉంచింది. వాటిలో రంగు కొంచెం తగ్గినవి, గీత కొంచెం వెడల్పయినవి కూడా ఉన్నాయి. వాటిని దాచిపెట్టకుండా చూపించడం నాకు నచ్చింది.

చెట్టు బొమ్మను నేను ఇంటర్నెట్టులో వెతుక్కోలేదు. మాది శ్రీకాళహస్తి దగ్గరి ఊరు. అక్కడ కలంకారి వేసే ఒక పెద్దాయనకు, ఒంటి మీద వేయించుకుంటానని ముందే చెప్పి, తగిన పైకం ఇచ్చి, ఆయన ఇష్టపడిన తరువాతే గీయించుకున్నాను. వేరు నుంచి చిగురు దాకా అల్లుకున్న కొమ్మలు, ఆకుల మధ్య రెండు నెమళ్ళు, చెట్టు మొదట్లో ఒక జింక. స్టూడియోలోని ఆర్టిస్టు ఆ కాగితాన్ని చూసి, ఇది ఇలాగే వేయడం కుదరదని చెప్పారు. అక్కడే నాకు ఆయన మీద గురి కుదిరింది. కలంకారి గుడ్డను ముందుగా కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరబెడతారు. బెల్లం, ఇనుము కలిపి ఊరబెట్టిన కసిమి ఆ కరక్కాయ వగరుతో కలిసినప్పుడు గట్టి నలుపుగా నిలుస్తుంది. పాలు ఆ రంగును పక్కకు పాకనివ్వవు. అందుకే వెంట్రుకంత సన్నని గీతలను పక్కపక్కనే వేసినా గుడ్డ మీద అవి ఒకదానిలో ఒకటి కలిసిపోవు. చర్మానికి అలాంటి కట్టడి ఏదీ లేదు. సూది రంగును పై పొర దాటించి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున, లోపలి పొరలో వదులుతుంది. అక్కడ గీత ఏళ్ళు గడిచేకొద్దీ కొద్దికొద్దిగా వెడల్పవుతుంది. ఈ రోజు అందంగా కనిపించే నెమలి ఈకల దగ్గరి గీతలు పదేళ్ళకు ఒకే మసక మరకగా మారిపోతాయని ఆయన వివరించి, ఈకలను సగానికి తగ్గించి, జింక కన్ను పెద్దది చేసి, ఆకుకూ ఆకుకూ మధ్య ఖాళీ చర్మాన్ని ఎక్కువగా వదిలి మళ్ళీ గీశారు. పసుపు రంగు దాదాపుగా వద్దన్నారు. మానిన తరువాత రంగును మనం పై పొర గుండా చూస్తాం. నాలాంటి చామనఛాయ చర్మంలో లేత పసుపు ఆ పొర కింద అణగారిపోతుంది, నలుపు, ముదురు ఎరుపు, నీలం నిలుస్తాయి. ఈ దిద్దుబాట్లకు మూడు వారాలు పట్టింది, నాలుగు సార్లు కాగితం మారింది, వాటికి విడిగా డబ్బు తీసుకోలేదు. శ్రీకాళహస్తి పెద్దాయనకు మారిన బొమ్మను పంపిస్తే, జింక మెడ వంపు ఒక్కటి సరిచేయమని చెప్పారు. దాన్ని కూడా మన్నించి మార్చారు.

అక్టోబరులోనే, అంటే మొదటి సెషనుకు ఆరు వారాల ముందు, భుజం వెనుక ఒక చిన్న ఎర్రని చుక్క పెట్టి పంపించారు. టాటూ రంగుల్లో ఎలర్జీ తెచ్చిపెట్టేది ఎక్కువగా ఎరుపే కావడం దానికి కారణం. ఆ చుక్క ఉబ్బలేదు, దురద పెట్టలేదు. చిన్నప్పటి గాయాల మచ్చలు ఎలా మానాయో కూడా చూశారు. గాయం మానాక మచ్చ దాని హద్దు దాటి గడ్డలా పెరిగే కీలాయిడ్ తత్వం ముదురు చర్మం గలవారిలో ఎక్కువ. భుజాలు, వీపు పై భాగం, ఛాతీ దానికి అనువైన చోట్లు. ఆ లక్షణం ఉన్నవారికి తాము వీపు మీద టాటూ వేయబోమని స్పష్టంగా చెప్పారు. వచ్చే గిరాకీని వదులుకుని ఇలా చెప్పగలగడం చిన్న విషయమేమీ కాదు. సూదుల ద్వారా సోకగల హెపటైటిస్ బి జబ్బుకు టీకా వేయించుకున్నానా అని అడిగిన స్టూడియో కూడా నేను చూసినంతలో ఇదొక్కటే.

శుభ్రత విషయంలో వంక పెట్టడానికి నాకేమీ దొరకలేదు. సూది కార్ట్రిడ్జులను ప్రతిసారీ నా ఎదుటే విప్పి, ప్యాకెట్టు మీది గడువు తేదీ నాకు చూపించారు. రంగును పెద్ద సీసాలోంచి ఒక్కరికే సరిపడే చిన్న మూతల్లో పోసుకుని, మిగిలినది పారబోశారు. మెషీను, దాని తీగ, దీపం పిడి, బల్ల అన్నిటికీ ప్లాస్టిక్ తొడుగులు వేశారు. మధ్యలో ఫోను ముట్టుకున్న ప్రతిసారీ గ్లవ్స్ మార్చుకున్నారు. ఐదు గంటల్లో ఎన్ని జతలు మారాయో లెక్కపెట్టడం మొదలుపెట్టి, పద్నాలుగు దగ్గర మానేశాను.

మొదటి సెషను డిసెంబరు మొదటి శనివారం. ఆ రోజు గీతలు మాత్రమే వేశారు. నొప్పి గురించి అందరూ అడుగుతారు కనుక చెబుతున్నాను: భుజపుటెముకల మీద భరించగలిగినంతే ఉంది, వెన్నెముక మీద, నడుము దగ్గర పక్కటెముకల చివర మాత్రం పళ్ళు బిగించుకోవలసి వచ్చింది. మొద్దుబారే క్రీము రాసుకుని వస్తానంటే ఆర్టిస్టు వద్దన్నారు. మొద్దుబార్చే మందు లిడోకెయిన్ ఎక్కువ మోతాదులో ఉన్న క్రీములను పెద్ద విస్తీర్ణం మీద రాసి, పైన ప్లాస్టిక్ చుడితే, ఆ మందు రక్తంలోకి ఎక్కి గుండె దడ, మూర్ఛ వరకు దారి తీయవచ్చు. టాటూల కోసం అమ్మే ఇటువంటి క్రీముల మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 మార్చిలో హెచ్చరిక కూడా జారీ చేసింది. దానికి బదులు కడుపునిండా తిని రమ్మన్నారు, గంటకొకసారి పది నిమిషాలు ఆపారు, నిమ్మరసంలో చక్కెర, ఉప్పు కలిపి ఇచ్చారు. ఐదో గంటలో నేను ఇంకా వేయమన్నా ఆయన ఒప్పుకోలేదు. అలసిన చర్మం రంగును సరిగా పట్టదని, అదే చోట మళ్ళీ మళ్ళీ సూది తిప్పితే మానేటప్పుడు అక్కడ పుండవుతుందని చెప్పి మెషీను పక్కన పెట్టేశారు.

నేను ఈ సమీక్ష రాయడానికి అసలు కారణమైన భాగం ఇక్కడ మొదలవుతుంది. సూది ఆగాక వీపును గోరువెచ్చని నీటితో, వాసన లేని సబ్బుతో కడిగి, మెత్తగా అద్ది, ఆసుపత్రిలో సెలైన్ సూది మీద అతికించే పారదర్శకమైన పట్టీ వంటి పొరను వీపంతా అతికించారు. దాన్ని సెకండ్ స్కిన్ అంటారు. నా పాత అనుభవం వల్ల ప్లాస్టిక్ అనగానే భయపడ్డాను. అయితే పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసే ఈ పొర నీటి ఆవిరిని బయటకు పోనిస్తుంది, బయటి నీటిని, మురికిని, సూక్ష్మజీవులను లోపలికి రానివ్వదు. వంటింటి ప్లాస్టిక్ ఆవిరిని బయటకు పోనివ్వదు, అంచులు చర్మానికి అతుక్కోవు కనుక మురికిని పూర్తిగా ఆపనూ లేదు. తడి ఆరిపోకుండా కాపాడిన గాయం తొందరగా మానుతుందన్నది టాటూ స్టూడియోల వాళ్ళు కనిపెట్టిన మాట కాదు. 1962లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల మీద చేసిన ప్రయోగంలో, పలుచని పాలిథీన్ పొర కప్పిన గాయాల మీద కొత్త చర్మం, గాలికి ఆరి పక్కు కట్టిన గాయాల మీదకన్నా దాదాపు రెట్టింపు వేగంతో పరచుకుంది. గాయం తడిని కాపాడే నేటి పట్టీలు ఆ దారిలో వచ్చినవే.

మొదటి పొర ఇరవై నాలుగు గంటలు ఉంచమన్నారు. ఆ రాత్రి పొర కింద రసి, రక్తం, మిగులు రంగు కలిసి సిరా సంచిలాగా నల్లగా ఊరినప్పుడు అమ్మ భయపడిపోయింది. అది మామూలేనని స్టూడియో ముందే ఫోటోలతో చూపించి ఉండకపోతే నేనూ భయపడేదాన్నే. మర్నాడు నన్ను మళ్ళీ రమ్మని, వాళ్ళే ఆ పొరను తీసి, కడిగి, రెండో పొర వేశారు. వీపు మీది పని ఎవరికి వారు చేసుకోలేరు కనుక ఈ ఒక్క పిలుపు ఎంతో విలువైనది. దీనికి కూడా డబ్బు తీసుకోలేదు. రెండో పొర ఐదు రోజులు ఉంది. దాన్ని తీసే పద్ధతిని అమ్మకు వీడియో కాల్‌లో దగ్గరుండి చెప్పారు: వేడినీళ్ళ ఆవిరి పట్టిన స్నానాల గదిలో, అంచు లేపి, పైకి పీకకుండా, చర్మానికి సమాంతరంగా సాగదీస్తూ, మెల్లగా.

ఆ తరువాతి మూడు వారాలూ అమ్మ చేతుల్లోనే గడిచాయి. ఈ టాటూ అమ్మకు మొదట ఇష్టం లేదు. “జాకెట్టు వేసుకుంటే సగం చెట్టు బయటికే కనబడతాది కదే” అని బాధపడింది. అయినా పూటకొకసారి చేతులు కడుక్కుని వచ్చి, వీపు కడిగి, పాత మెత్తని కాటన్ గుడ్డతో అద్ది, వాసన లేని మాయిశ్చరైజరును పొరపైన పొరగా కాకుండా, చర్మం మీద మెరుపు కూడా మిగలనంత పలుచగా రాసేది. ఎక్కువ రాస్తే త్వరగా మానుతుందనుకోవడం మనలో చాలామంది చేసే పొరపాటు. మందంగా రాసిన క్రీము, పెట్రోలియం జెల్లీ చెమటను బయటికి పోనివ్వక పొక్కులు తెస్తాయి. పసుపు అద్దుదామని అమ్మ అడిగింది. అమ్మమ్మ ముంజేతి మీద తులసికోట, తేలు బొమ్మలు ఉండేవి. ఊళ్ళోకి వచ్చిన పచ్చబొట్లు పొడిచే ఆమె దీపపు మసి, ఆకు పసరు కలిపి, సూదులతో పొడిచి, పైన పసుపు అద్దిందట. నల్లటి మసే చర్మం పై పొర గుండా చూసినప్పుడు పచ్చగా, నీలంగా కనిపిస్తుంది. పచ్చబొట్టు అన్న పేరు అక్కడిదే. అమ్మమ్మకు పనికొచ్చిన పసుపు నాకెందుకు పనికిరాదని అమ్మ అడిగిన ప్రశ్న న్యాయమైనదే. నాలుగు గీతల బొమ్మకూ, వీపంత పచ్చి పుండుకూ తేడా ఉందని, వంటింటి డబ్బాలోని పసుపు సూక్ష్మజీవులు లేనిదని చెప్పలేమని, దాని రంగు లేత చర్మంలో పట్టుకుంటుందని ఆర్టిస్టు ఫోనులో అమ్మకు ఎంతో మర్యాదగా, అమ్మమ్మ మాటను ఎక్కడా చులకన చేయకుండా వివరించారు. అందరి ఇళ్ళలోనూ ఉండే యాంటీబయోటిక్ పౌడరు కూడా చల్లవద్దన్నారు. అందులో తరచూ ఉండే నియోమైసిన్ అనే మందు కొందరి చర్మానికి పడదు, పొడి గడ్డకట్టి పక్కును మందం చేస్తుంది.

వీపు టాటూకు చెప్పని కష్టాలు కొన్ని ఉంటాయి, అవి ఆడవాళ్ళకు ఇంకొంచెం ఎక్కువ. లోదుస్తుల పట్టీ సరిగ్గా నెమలి మెడ మీద ఒరుసుకునేది. రెండు వారాలు పట్టీ లేని వదులు కాటన్ బనియన్లతో, పైన నాన్నగారి పాత చొక్కాలతో గడిపాను. ఆఫీసుకు ఆరు రోజులు సెలవు పెట్టి, ఆ తరువాత మరో వారం ఇంటి నుంచే పని చేశాను. పెద్ద టాటూ వేయించుకునేవారు డబ్బుతోపాటు ఈ సెలవులను కూడా లెక్కలో వేసుకోవాలి. బోర్లా పడుకోవడం నాలుగో రోజుకు అలవాటయింది. తలంటుకుంటే షాంపూ వీపు మీదికి జారుతుంది కనుక బకెట్టు మీదికి వంగి ముందుకు పోసుకోవాలి. జడ వీపు మీద ఆడకుండా, తలనూనె కిందికి కారకుండా జుట్టును ముడి వేసుకోవాలి. జుట్టు సంగతి మాత్రం స్టూడియో చెప్పలేదు. వారి దగ్గర వీపు టాటూలు వేయించుకున్నవారిలో ఎక్కువమంది మగవాళ్ళే అయి ఉంటారని నా ఊహ. ఈ విషయం నేను చెప్పినప్పుడు రాసుకున్నారు. రాసుకున్నంత మాత్రాన ఊరుకోక రెండో సెషనుకు వెళ్ళేసరికి వారి సూచనల కాగితంలో చేర్చారు కూడా.

రెండో పొర తీశాక ఎండకు కందిన చర్మంలాగా పొట్టు లేవడం మొదలైంది. పొట్టు ముక్కల్లో రంగు కనిపిస్తుంది, అది చూసి బొమ్మ ఊడిపోతున్నదని కంగారు పడనవసరం లేదు; ఊడేది పై పొరలో చిక్కుకున్న రంగు. లోపల నిలిచే రంగును చర్మంలోని మాక్రోఫేజ్ అనే రక్షక కణాలు మింగి పట్టుకుంటాయి. ఆ కణాలు చనిపోయినప్పుడు వదిలిన రంగును వాటి స్థానంలో వచ్చే కొత్త కణాలు మళ్ళీ మింగుతాయని 2018లో ఫ్రాన్సు పరిశోధకులు ఎలుకల మీద పరిశీలించి తెలిపారు. టాటూ ఏళ్ళ తరబడి నిలవడంలో ఈ చేతులు మారడం ఉందని తెలిసినప్పటి నుంచి నా వీపు మీద నాకు గౌరవం పెరిగింది. ఇక దురద. ఎనిమిదో రోజు నుంచి పన్నెండో రోజు వరకు నిద్ర లేదు. గోకకూడదు, పొట్టు లాగకూడదు. అరచేతితో మెల్లగా తట్టవచ్చు, శుభ్రమైన గుడ్డలో చుట్టిన చల్లని జెల్ ప్యాకు కాసేపు ఆనించవచ్చు. మూడో వారంలో బొమ్మ మీద పలుచని పాలమీగడ లాంటి మసక కమ్ముకుంది. అది కొత్త చర్మం ఇంకా ముదరకపోవడం. ఐదారు వారాలకు దానంతట అదే తేటపడింది. సంక్రాంతికి ఊరు వెళ్ళేసరికి గీతలన్నీ ఎక్కడా తెగకుండా, అమ్మమ్మ తేలు బొమ్మలాగే చర్మంలో కలిసిపోయి ఉన్నాయి. భోగినాడు నువ్వులనూనె రాయించుకోవచ్చా అని అడిగితే, పై చర్మం పూర్తిగా మూసుకుపోయింది కనుక నూనె రాయించుకోవచ్చని, సున్నిపిండితో గట్టిగా రుద్దవద్దని, స్వర్ణముఖి నదిలో మునగడం ఈ ఏడాదికి మానుకోమని చెప్పారు. నదులు, చెరువులు, ఈతకొలనులు, సముద్రం, వీటి విషయంలో పచ్చి టాటూకు మినహాయింపు లేదు. టాటూ వేయించుకున్న ఐదు రోజులకే గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఈదిన ఒక వ్యక్తి విబ్రియో సూక్ష్మజీవి సోకి మరణించిన ఉదంతం 2017లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. ఆయనకు అంతకుముందే కాలేయ జబ్బు ఉంది. అయినా గాయంతో నీళ్ళలో దిగడం ఎంత పని చేయగలదో అది చెబుతుంది.

జనవరి, ఫిబ్రవరి సెషన్లు నీడలకు, రంగులకు పోయాయి. వాటి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. గీతల రోజుకన్నా మంట ఎక్కువ, మానడం మాత్రం అదే క్రమం.

నాలుగోదానితోనే తగువు. మార్చి చివరి వారంలో అనుకున్న తేదీని ఆర్టిస్టు వేరే ఊరి ప్రయాణం వల్ల రెండు సార్లు వాయిదా వేసి, చివరికి ఏప్రిల్ ఇరవై దాటాక ఇచ్చారు. మొదటి రోజు వారే చెప్పారు, హైదరాబాదు ఎండల్లో పెద్ద టాటూ మాననివ్వడం కష్టం, మార్చి దాటకుండా ముగిద్దామని. అదే మాట గుర్తు చేస్తే, ఇంట్లో ఏసీ ఉంటే ఫరవాలేదన్నారు. నేను వానాకాలం వచ్చేదాకా ఆగుతానని పట్టుబట్టవలసింది. వారు కూడా ఆగమని చెప్పవలసింది. ఏసీ ఉన్నది ఒక్క గదిలో. మెట్రో స్టేషను నుంచి ఇంటికి వచ్చే పావుగంటలోనే పొర కింద చెమట చేరింది. రెండో రాత్రికి నడుము దగ్గర అంచు లేచి, లోపలి నీరు కారి, బయటి గాలి లోపలికి పోసాగింది. అంచు ఒకసారి లేచిన పొర కాపలా కాయడం మానేసి, మురికిని లోపల దాచే మూతగా మారుతుంది, వెంటనే తీసేయాలి. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. రాత్రి పదకొండింటికి ఫోటో పంపితే, అది మామూలే, అంచు మీద ఇంకొక ముక్క అతికించుకోమని జవాబు వచ్చింది. అమ్మ అతికించింది. మర్నాటికి పొర అంచులున్న మేర గీత గీసినట్టుగా ఎర్రని దద్దుర్లు, చిన్న చిన్న నీటి పొక్కులు వచ్చాయి, భరించలేని దురద.

పొద్దున్నే వెళ్ళి చూపించాను. ఆర్టిస్టు చూసిన మరుక్షణం పొర తీసేసి, రాత్రి ఇచ్చిన సలహా తప్పని, ఆ జవాబు ఇచ్చినది ఫోను చూసే సహాయకుడని, అయినా తప్పు తమదేనని ఒప్పుకుని, ఇంకొక పూట వేచి చూద్దామనకుండా నన్ను చర్మవైద్యుల దగ్గరికి పంపించారు. ఆ ఫీజు వారే కట్టారు. దద్దుర్లు చతురస్రంగా పొర ఆకారంలోనే ఉండడం చూసి, ఇది సూక్ష్మజీవుల వల్ల వచ్చింది కాదు, పొర జిగురు పడకపోవడమని డాక్టరుగారు తేల్చారు. మూడు సార్లు పడిన జిగురు నాలుగోసారి పడకపోవచ్చునట. తగిలిన కొద్దీ ఒంటికి వ్యతిరేకత పెరిగే ఎలర్జీలు అలాగే పుడతాయి. ఏది మామూలు, ఏది కాదు అన్నది ఆమె నాకు విడమరచి చెప్పారు: మొదటి రెండు మూడు రోజుల ఎరుపు, వెచ్చదనం, పలుచని రసి మామూలు, మూడో రోజు తరువాత తగ్గవలసిన నొప్పి పెరగడం, ఎరుపు బొమ్మ హద్దు దాటి పాకడం, చిక్కని చీము, దుర్వాసన, జ్వరం, ఎర్రని చారలు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆర్టిస్టుకు ఫోటో పంపకుండా నేరుగా డాక్టరు దగ్గరికి రావాలి. ఈ జాబితా స్టూడియో ఇచ్చిన సూచనల కాగితంలో మొదటి వరుసలో ఉండవలసింది. అది రెండో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంది. నా వీపు కడిగినది మా అమ్మ. ఆమెకు ఇంగ్లీషు రాదు. హైదరాబాదులో వ్యాపారం చేస్తూ తెలుగులో, ఉర్దూలో ఒక కాగితం అచ్చు వేయించలేకపోవడం నేను క్షమించలేకపోయిన లోపం. తెలుగు కాగితం నేనే రాసి ఇచ్చాను. దాన్ని వాడుతున్నట్టు జూలైలో చూశాను.

ఆ నాలుగో విడత పొర లేకుండా, రోజుకు మూడు సార్లు కడిగి, పలుచగా మాయిశ్చరైజరు రాసే పాత పద్ధతిలోనే మానింది. రెండు వారాలు ఆలస్యంగా, నడుము దగ్గర నాలుగు ఆకుల ఎరుపు పోగొట్టుకుని మానింది.

ఖర్చు సంగతి. సెషనుకు 12,000 రూపాయల చొప్పున నాలుగింటికి 48,000. పొరలు వారి లెక్కలోనివే. సబ్బు, మాయిశ్చరైజరు, మానిన తరువాత రోజూ రాసుకోవలసిన ఎస్పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ కలిపి నాకు మరో మూడు వేలు అయింది. ఇంతకన్నా సగానికి వేస్తామన్నవారు ఉన్నారు. మర్నాటి పిలుపు, వీడియో కాల్, మూడు నెలల్లోపు ఉచిత టచప్ అని రాసి ఇచ్చిన కాగితం, డాక్టరు ఫీజు, ఇవన్నీ కలిపి చూసుకుంటే నాకు ఈ ధర ఎక్కువ అనిపించలేదు. డబ్బు తీసుకునే ముందు చెప్పవలసిన ఒక విషయం మాత్రం ఎవరూ చెప్పలేదు: మన దేశపు రక్తదాన మార్గదర్శకాల ప్రకారం టాటూ తరువాత ఏడాది పాటు రక్తం ఇవ్వకూడదు. నాలుగు విడతలు, ఒక టచప్ కలిపితే నా విషయంలో అది ఏడాదిన్నర దాటుతుంది. ఏటా రెండు సార్లు రక్తం ఇచ్చే నాకు అది తెలిసి ఉంటే, సెషన్లను ఇంకా దగ్గర దగ్గరగా పెట్టుకోవడం కుదురుతుందేమో అడిగి ఉండేదాన్ని.

టచప్ జూలైలో, వానలు పడి వాతావరణం చల్లబడ్డాక పెట్టుకున్నాం. ఈసారి తేదీ వాయిదా పడలేదు. నాలుగు ఆకులకు ఎరుపు మళ్ళీ నింపి, వెన్నెముక మీద కొంచెం పలుచబడిన కాండం గీతను ఒకసారి దిద్ది, గంటన్నరలో ముగించారు. పొర ఊసెత్తకుండా, కడిగి, గాయాలకు కట్టే శుభ్రమైన కాటన్ గుడ్డ కప్పి పంపించారు. నా పేరుకు ఎదురుగా వారి రిజిస్టరులో ఎర్ర సిరాతో “జిగురు పడదు” అని రాసి ఉంది. ఇంటికి వచ్చాక అమ్మ చేతులు కడుక్కుని వచ్చి, నడుము దగ్గరి నాలుగు ఆకులనూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఐదోది కూడా కొంచెం వెలిసినట్టుందే, దాన్ని వదిలేశారేమి అని అడిగింది. ఫోటో పంపాను. ఈ శనివారం రమ్మన్నారు.